మా ఇంట్లో ఎండాకాలం ఎలా అయిపోయేదంటే

మొన్న మా పాత కో-ఆప్ (బడికి పంపకుండా పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలం కలిసి పెట్టుకున్న గుంపు) వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, మా పిల్లల్ని ఏటా జూన్‌లో ఎవాల్యుయేట్ చేసిన టీచరమ్మ పోయారని. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, నిద్రలోనే పోయారంట. ఫోన్ పక్కన పెట్టి వెనక డెక్ మీదికొచ్చి కూర్చున్నా. ఆగస్టు ఆఖరు కదా, ఏడున్నర దాటితే చాలు పొద్దు గూకిపోతోంది. పక్కింట్లో గడ్డి కోసినట్టున్నారు, ఆ పచ్చి వాసనలో ఎక్కడినుంచో ఎండుటాకుల వాసన సన్నగా కలిసి వస్తోంది. ఈ వాసన వచ్చిందంటే నాకు ఇంకేం గుర్తుకురాదు, పిల్లలిద్దరూ చిన్నగా ఉన్నప్పటి ఆగస్టు సెప్టెంబర్లే. రాసి పెట్టుకుందామని కూర్చున్నా, వరసగా ఉండదు, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాస్తా.

మాది కరీంనగర్ వైపు. పెళ్ళయ్యాక మా ఆయన ప్రాజెక్టుల వెంట ఊళ్ళు తిరిగి తిరిగి చివరికి పెన్సిల్వేనియాలో లీహై వ్యాలీకి వచ్చి అలెన్‌టౌన్ పక్కన ఇల్లు తీసుకున్నాం. ఊరు మారినప్పుడల్లా బాబుకి బడి మారేది, చదువులో చురుకే కానీ కొత్త క్లాసులో నోరు విప్పేవాడు కాదు, ఇంటికొచ్చాక మాత్రం ఆపకుండా మాట్లాడేవాడు. నేనేమో అప్పట్లో హెచ్-4 మీద, అంటే మా ఆయన వీసా మీద ఆధారపడిన వీసాతో ఉన్నా, ఉద్యోగం చేయడానికి లేదు, బీఎస్సీ బాటనీ చదివి వంటింట్లో పోపులు పెడుతున్నా. ఒక ఏడాది ఇంట్లోనే చదివించి చూద్దాం అనుకున్నాం. ఆ ఏడాది కాస్తా చెల్లెలికి కూడా వర్తించి, వాళ్ళిద్దరూ పెద్దయ్యేదాకా సాగింది.

మా అమ్మకి ఫోన్‌లో చెప్తే ముందు కాసేపు మాట లేదు. తర్వాత "ఇంట్ల కూసోబెట్టి సదివిస్తవా బిడ్డా, నలుగురు పోరగాండ్లల్ల తిరగకపోతే వానికి తెలివెట్లొస్తది" అంది. అమ్మ భయం నాకూ ఉండేది. నాన్న బడిపంతులు, మా ఇంట్లో బడి అంటే గుడి కన్నా ఎక్కువ, ఇంక ఆమెకి ఎట్లా నచ్చుతుంది చెప్పండి.

పెన్సిల్వేనియాలో హోమ్‌స్కూలింగ్‌కి 1988 నుంచి చట్టం ఉంది, అమెరికాలో కాస్త గట్టి రూల్స్ ఉన్న రాష్ట్రాల్లో ఇదొకటి. ఏటా ఆగస్టు 1 లోపల స్కూల్ డిస్ట్రిక్ట్‌కి అఫిడవిట్ ఇవ్వాలి, చదువు చెప్పే తల్లో తండ్రో హైస్కూల్ పాసై ఉండాలి, టీకాల కాగితాలు జత చేయాలి, ఏ సబ్జెక్టులో ఏం చెప్పబోతున్నామో రాసివ్వాలి, ఏడాదిలో 180 రోజులు చదువు జరగాలి. చిన్న క్లాసులకి రోజులు కాకుండా గంటలు లెక్కేసుకుంటే 900. ఆ సబ్జెక్టుల లిస్టులో ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, జాగ్రఫీ, అమెరికా చరిత్ర, పెన్సిల్వేనియా చరిత్ర ఇవన్నీ ఉంటాయి సరే, అగ్నిప్రమాదాలు ఎలా జరుగుతాయి, ఎలా తప్పించుకోవాలి అనేది కూడా తప్పనిసరిగా చెప్పాలని ప్రత్యేకంగా రాసి ఉంటుంది. నాకు ఆ లైను చాలా ఇష్టం. ఎవరో కూర్చుని పిల్లలు కాలిపోకూడదని ఆలోచించి రాసిన లైను అది.

అందుకే మాకు ఎండాకాలం అయిపోవడం మొట్టమొదట జులై ఆఖర్లో బ్యాంకులో మొదలయ్యేది, ఎందుకంటే నోటరీ అక్కడే ఉండేది. పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్ళేదాన్ని, స్విమ్మింగ్‌కి వెళ్ళే దారిలో, తడి ఆరని టవళ్ళు కార్లోనే ఉండేవి. నోటరీ ఆవిడ స్టాంపు వేసి ఎంబాస్ చేసే మిషన్ నొక్కితే కాగితం మీద గుండ్రంగా ఉబ్బు వచ్చేది, పాప దాని మీద వేలు పెట్టి తడిమి తడిమి చూసేది. ఆ కవరు పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్ వేసి రసీదు పర్సులో పెట్టుకున్నాక ఇంక ఆ ఏడు బాధ్యత మొత్తం మన మీద పడ్డట్టే. బయట 90 డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండ ఉన్నా నాకు మాత్రం అప్పుడే చలి మొదలైనట్టు అనిపించేది.

ఇక్కడ స్కూళ్ళు చాలావరకు ఆగస్టు ఆఖరి వారంలోనే తెరుస్తారు. దానికి ముందు బస్సులు ఖాళీగా తిరిగి రూటు చూసుకుంటాయి, ఆ పసుపు బస్సు మా వీధి మలుపులో బ్రేకు వేసిన ఉస్సుమనే చప్పుడు వినబడగానే వీధిలో పిల్లలందరి మొహాలు మారిపోయేవి. అంతవరకూ రాత్రి తొమ్మిదైనా సైకిళ్ళ మీద తిరిగేవాళ్ళు ఎనిమిదింటికే లోపలికి పోయేవాళ్ళు. స్కూలు తెరిచిన రోజు పొద్దున మా ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఎదురింటి పిల్లలు కొత్త బ్యాగులతో బస్సెక్కడం చూసేవాళ్ళు. మొదటి ఏడు బాబు అడిగాడు, "అమ్మా, మరి మనకి ఎప్పుడు స్టార్ట్?" అని. నాకు చెప్పడానికి ఏం లేదు, చట్టం ప్రకారం మా విద్యా సంవత్సరం జులై 1నే మొదలైపోయింది, వాడు చెరువు దగ్గర కప్పపిల్లల్ని చూసి బొమ్మ గీసింది కూడా నేను లాగ్‌బుక్కులో రాసేసి ఉన్నా. "మనకి స్టార్ట్ అయ్యే ఉంది నాన్నా" అన్నా. వాడికది నచ్చలేదు. పిల్లలకి మొదలు కావాలి. కొత్త నోట్‌బుక్కు, ఫొటో, ఏదో ఒకటి కావాలి.

అప్పట్నించి మా మొదలు ఏంటంటే లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవు) తర్వాతి మంగళవారం. లేబర్ డే సోమవారం సాయంత్రం మా ఊరి పూల్ మూసేస్తారు. ఆఖరి గంటలో లైఫ్‌గార్డ్ విజిల్ వేసి అందర్నీ బయటికి రమ్మంటే పిల్లలు గట్టు పట్టుకుని వేలాడుతూ ఇంకొక్క నిమిషం అని బతిమాలేవాళ్ళు, పెదాలు నీలంగా అయిపోయినా సరే. అలెన్‌టౌన్ ఫెయిర్ కూడా అదే రోజుతో ముగిసేది, 1852లో మొదలైన ఫెయిర్ అది, రైతులు పెంచిన పెద్ద పెద్ద గుమ్మడికాయలు, పిల్లలు స్వయంగా సాకిన మేకలు, కోళ్ళు, నూనెలో వేగే ఫనెల్ కేకుల వాసన. మా పాప ఏటా అదే కోళ్ళ షెడ్డులో గంటసేపు నిలబడేది, కాళ్ళకి ఈకలున్న కోళ్ళుంటాయే వాటి దగ్గర.

మర్నాడు మంగళవారం పొద్దున పార్కుకి వెళ్ళేవాళ్ళం. ఊరంతా బళ్ళల్లో, ఆఫీసుల్లో. పార్కులో మేమూ, మా కో-ఆప్ కుటుంబాలూ తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఊయలలన్నీ ఖాళీ. మెన్నోనైట్ (సాదాగా బతికే ఒక క్రైస్తవ శాఖ) కుటుంబం ఒకటి, క్యాథలిక్ కుటుంబాలు రెండు మూడు, ఫిలడెల్ఫియా నుంచి వచ్చి స్థిరపడ్డ నల్లజాతి టీచర్ల జంట, మేము. ఎవరి కారణాలు వాళ్ళవి, మతం కోసం కొందరు, ఆరోగ్యం కోసం కొందరు. పిల్లలకి అవేం పట్టేవి కాదు. ఒకళ్ళు యాపిల్స్ తెచ్చేవాళ్ళు, నేను పులిహోర పట్టుకెళ్ళేదాన్ని, పన్నెండింటికి డబ్బా అడుగు కనబడేది. పెద్దవాళ్ళం బెంచీల మీద కూర్చుని ఎవరు ఏ రోజు ఏం చెప్పాలో పంచుకునేవాళ్ళం, నాకు ఎప్పుడూ మొక్కల పాఠం.

మా అమ్మ మాట అబద్ధం అయింది అక్కడే. ఒక్కళ్ళతో మాట్లాడని వాడు ఆ పార్కులో తన కన్నా పెద్ద పిల్లలతో, చిన్న పిల్లలతో, వాళ్ళ అమ్మమ్మలతో కూడా కబుర్లు చెప్పడం నేర్చుకున్నాడు.

ఇంక చప్పుళ్ళ గురించి చెప్పాలి. ఆగస్టులో మధ్యాహ్నం పూట చెట్ల మీది సికాడా పురుగుల హోరు, చెట్టుకి కరెంటు పెట్టినట్టు. సాయంత్రమైతే కీచురాళ్ళు, వాటిలాగే అరిచే కేటీడిడ్ పురుగులు. సెప్టెంబర్ జరిగే కొద్దీ ముందు సికాడాలు ఆగిపోతాయి, తర్వాత రాత్రి చప్పుడు నెమ్మదిస్తుంది, ఎందుకంటే పురుగుకి ఒంటి వేడి బయటి వేడిని బట్టే ఉంటుంది, చలి పెరిగితే రెక్కలు రుద్దే వేగం తగ్గుతుంది. 1897లో డాల్‌బేర్ అనే ఆయన దీని మీద ఒక సూత్రమే రాశాడు. 14 సెకన్లలో కీచురాయి ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టి దానికి 40 కలిపితే సుమారుగా ఫారెన్‌హీట్‌లో వేడి వచ్చేస్తుంది. ఇది మా లైబ్రరీ పుస్తకంలో దొరికింది. బాబు చేతిలో స్టాప్‌వాచ్, పాప కళ్ళు మూసుకుని వేళ్ళు మడుస్తూ లెక్క, వాళ్ళ నాన్న థర్మామీటర్ దగ్గర టార్చి పట్టుకుని నిలబడేవాడు. ఒక కీచురాయి అరుపు ఇంకో దానితో కలిసిపోతే పాపకి ఏడుపొచ్చేది, మళ్ళీ మొదట్నించి. సెప్టెంబర్ మొదట్లో 30 పైన అరిచేవి అక్టోబర్‌కి వచ్చేసరికి పదీ పన్నెండుకి దిగేవి. ఆ అంకెలతో వాడు గ్రాఫ్ గీశాడు. గ్రాఫ్ అంటే ఏంటో నేను వాడికి వేరే చెప్పాల్సిన పని పడలేదు.

వినాయక చవితి ఇక్కడ మాకు ఎండాకాలానికీ చలికాలానికీ సరిగ్గా గుమ్మంలో పడేది. తొలి ఏడాది ఇండియన్ స్టోర్‌లో పత్రి కోసం వెతికితే ప్లాస్టిక్ కవర్లో వాడిపోయినవి నాలుగు రకాలు ఉన్నాయి. అప్పుడు ఆలోచన వచ్చింది, 21 ఆకులు ఇక్కడి అడవిలోవే ఏరుదాం అని. చిన్నప్పుడు మేము కూడా పొద్దున్నే లేచి ఊరవతలికి పోయి ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, రేగు అన్నీ తెచ్చేవాళ్ళం కదా, ఎవరూ అంగట్లో కొన్లేదు. బాటనీ చదివిన దాన్నే కానీ ఇక్కడి చెట్లు నాకు ఒక్కటి తెలియదు. పిల్లలతో పాటు పుస్తకం పట్టుకుని నేనూ మొదటి క్లాసు. రెడ్ మేపుల్, ఓక్‌లో రెండు రకాలు, హికరీ, సైకమోర్, ట్యూలిప్ చెట్టు. సాసాఫ్రాస్ అని ఒక చెట్టుంది, ఒకే కొమ్మకి మూడు రకాల ఆకులు, ఒకటి మామూలుగా కోలగా, ఒకటి బొటనవేలు విడిగా ఉన్న చేతి తొడుగులా, ఒకటి మూడు పాయలుగా. బాబు వాదన ఏంటంటే అవి మూడు పత్రాల కింద లెక్కేయాలని. పాప ఒప్పుకోలేదు, చెట్టు ఒకటే కాబట్టి ఒకటే అంది. నాన్న తీర్పు పాపకే వచ్చింది. మూడాకులు కలిసి ఉండి అప్పుడే ఎరుపెక్కుతున్న తీగ ఏదైనా కనబడితే చెయ్యి పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పేదాన్ని, పాయిజన్ ఐవీ ముట్టుకుంటే వారం రోజులు గోక్కోవడమే.

ఆ ఏరడంలోనే మిల్క్‌వీడ్ దొరికింది. రోడ్డు పక్కన పొలం గట్టున, నడుం ఎత్తు మొక్క, వెడల్పాటి ఆకు, వెనక సన్నటి నూగు. తుంచగానే పాలు కారాయి. నా చెయ్యి అలాగే ఆగిపోయింది. జిల్లేడు కుటుంబమే అది, అర్కపత్రం స్థానంలో దీన్ని పెట్టొచ్చు! అంత దూరం వచ్చి మా ఊరి చెరువు గట్టు మీది మొక్క తాలూకు చుట్టాన్ని చూశానంటే మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఆ ఆకు తిప్పి చూస్తే పసుపు, నలుపు, తెలుపు పట్టీలతో గొంగళిపురుగు. మోనార్క్ సీతాకోకచిలుక పిల్ల. మన దగ్గర జిల్లేడు మీద పెరిగే సీతాకోకచిలుకలు కూడా దీని జాతివే.

దాన్ని కొమ్మతో సహా తెచ్చి దోమతెర కట్టిన డబ్బాలో పెట్టాం. రోజూ తాజా ఆకు. కరకరా నమిలేది, చెవి దగ్గర పెట్టుకుంటే నిజంగానే వినబడేది. తర్వాత ఒక రోజు మూతకి తలకిందులుగా వేలాడి ఒళ్ళు వంచింది. పాప కాపలా కూర్చుంది, అన్నం ప్లేటు అక్కడికే తెచ్చుకుంది, సరిగ్గా చేతులు కడుక్కోవడానికి లేచి వచ్చేలోపు చర్మం వలిచేసుకుని పచ్చటి గూడు అయిపోయింది. ఆ గూటి అంచున బంగారు చుక్కలు, ఎవరో సూది మొనతో అద్దినట్టు. వారం దాటి ఇంకొన్ని రోజులకి ఆ పచ్చదనం పోయి లోపలి రెక్కలు నల్లగా, నారింజ రంగులో కనబడ్డాయి, మర్నాడు పొద్దున బయటికొచ్చింది. తడి రెక్కలు వేలాడేసుకుని ఆరేదాకా అలాగే. ఎండాకాలంలో పుట్టే మోనార్క్‌లు కొన్ని వారాలే బతుకుతాయి, కానీ ఈ ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబర్లో పుట్టేవి మాత్రం ఇక్కడినుంచి రెండు వేల మైళ్ళ పైన ఎగిరి మెక్సికో కొండల్లో చలికాలం గడిపి ఎనిమిది నెలల దాకా ఉంటాయి. పాప అరచేతి మీదినుంచి అది లేచి వెళ్తుంటే "అది ఒక్కతే వెళ్ళాలా అమ్మా" అంది. వాళ్ళ అమ్మమ్మ హైదరాబాద్‌లో ఒక్కతే ఫ్లైట్ ఎక్కి వస్తుంది కదా అన్నా. దానికి ధైర్యం వచ్చింది.

సెప్టెంబర్ నడుమ మాకు పెద్ద పండగ హాక్ మౌంటెన్. కెంప్టన్ దగ్గర కొండ, మాకు గంట లోపే. కొండ వెంబడి గాలి పైకి తన్నుతుంది, దాన్ని ఆసరా చేసుకుని డేగలు, గద్దలు దక్షిణానికి పోతాయి, రెక్క ఆడించకుండా. ఒకప్పుడు జనం తుపాకులు పట్టుకుని ఆ రాళ్ళ మీద కూర్చుని వాటిని సరదాకి కాల్చేవాళ్ళంట, గుట్టలుగా పడేవంట. న్యూయార్క్ నుంచి రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ 1934లో ఆ కొండ లీజుకి తీసుకుని, కాపలా మనిషిని పెట్టి వేట ఆపించింది. ఆ సంవత్సరం నుంచే పక్షుల లెక్క మొదలైంది. తర్వాత డీడీటీ అనే పురుగులమందు వల్ల గద్దలకి పిల్లలు తగ్గిపోతున్నాయని రేచల్ కార్సన్ అనే రచయిత్రి రాసినప్పుడు ఈ కొండ మీది లెక్కలు పనికొచ్చాయి. ఇవన్నీ నేను కారులో వెళ్తూ చెప్తుంటే వెనక సీట్లో వింటున్నారో లేదో తెలిసేది కాదు. కానీ ఒకసారి బాబు మధ్యలో అడిగాడు, "ఆవిడకి ఎవరు పర్మిషన్ ఇచ్చారు?" అని. ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే చేసింది అన్నా. చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

పైన నార్త్ లుకౌట్ దాకా దారి అంతా రాళ్ళే. ఒక కర్రకి ప్లాస్టిక్ గుడ్లగూబని కట్టి నిలబెడతారు, దాన్ని చూసి డేగలు కోపంగా దగ్గరికొస్తాయి, మనకి బాగా కనబడతాయి. పెరుగన్నం, ఆవకాయ డబ్బా, బైనాక్యులర్స్. ముందు ఆకాశంలో ఏమీ ఉండదు, ఖాళీ నీలం. ఎవరో ఒక పెద్దాయన వేలు చూపించి అంటాడు, అదిగో ఆ మబ్బు అంచున అని. మిరియాల గింజలంత చుక్కలు, ఒకటి కాదు, యాభై అరవై, వేడిగాలిలో గుండ్రంగా తిరుగుతూ పైపైకి లేచి, ఒక్కసారిగా బారుగా దక్షిణానికి జారిపోతాయి. బ్రాడ్‌వింగ్డ్ హాక్స్ అవి, సెప్టెంబర్ నడుమ కొద్ది రోజుల్లోనే ఎక్కువ భాగం దాటిపోయేవి. ఆ రోజు ఎండ కాస్తే గణితం పుస్తకం తెరిచేది లేదని పిల్లలకి ముందే మాట ఇచ్చి ఉండేవాళ్ళం, వాన పడితే మాత్రం భిన్నాలే.

ఇవన్నీ లాగ్‌బుక్కులోకి ఎక్కేవి. ఆ లాగ్‌బుక్కు చూసిన మనిషి గురించే మొదట చెప్పింది. పబ్లిక్ స్కూల్లో మూడో క్లాసుకి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ, సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళే ఎవాల్యుయేషన్ చేయాలి కదా, మా కో-ఆప్‌లో సగం మంది ఆవిడ దగ్గరికే వెళ్ళేవాళ్ళం. జూన్ ఆఖరికి ఆవిడ రాసిచ్చే సర్టిఫికెట్ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి చేరాలి. మొదట్లో ఫైలు మొత్తం కూడా వాళ్ళకి పంపాల్సి వచ్చేది, 2014లో చట్టం మార్చాక ఎవాల్యుయేటర్ లెటర్ ఒక్కటీ చాలు అయింది. ఆవిడ ఇంటి ముందు వరండాలో చెక్క ఉయ్యాల, పిల్లల్ని చెరో పక్క కూర్చోబెట్టుకుని ఫైలు ఒళ్ళో పెట్టుకునేది. వర్క్‌షీట్లు చివర్లో చూసేది. ముందు సెప్టెంబర్ తీయమనేది. సెప్టెంబర్ పేజీలు చూస్తే ఆ ఇంట్లో ఏడాదంతా ఎలా గడిచిందో తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం. పాప ఆరేళ్ళప్పుడు వంకర అక్షరాలతో రాసిన పేజీ, గద్దలు ఇన్ని, విమానం ఒకటి, చీమ నన్ను కుట్టింది అని, అది పైకి చదివి "చీమని ఏ సబ్జెక్టు కింద రాద్దాం?" అని దాన్నే అడిగింది. పాప ఆలోచించి "హెల్త్" అంది. ఆవిడ అలాగే రాసింది. ఆ కాగితం నా దగ్గర ఉంది ఇంకా.

నా ఇంగ్లిష్ యాస ఆవిడకి మొదట్లో అర్థమయ్యేది కాదు, ఆవిడ పెన్సిల్వేనియా డచ్ (ఇక్కడ పాతకాలంలో స్థిరపడ్డ జర్మన్ల) యాస నాకు అంతే. ఇద్దరం నెమ్మదిగా మాట్లాడుకునేవాళ్ళం. నువ్వూ టీచర్‌వే అని నాతో మొదట అన్న మనిషి ఆవిడే.

తోట పని వేరే లోకం. మే నెలలో పెట్టిన బెండ, బీర, కాకర, గోంగూర అన్నీ సెప్టెంబర్లోనే విరగకాసేవి, సరిగ్గా చలి తరుముకొస్తున్నప్పుడు. మా వైపు మంచు మొదటిసారి పట్టేది ఇంచుమించు అక్టోబర్ నడుమ. రాత్రి 50 డిగ్రీల కిందికి దిగుతుందని ఫోన్‌లో చూడగానే కరివేపాకు కుండీ లోపలికి రావాలి, అమెరికాలో ఉండే తెలుగోళ్ళందరికీ ఇది తెలుసు, ఇంట్లో మనిషి లెక్క అది. ముందు సబ్బునీళ్ళతో ఆకు కింద భాగం అంతా పిల్లలే తుడిచేవాళ్ళు, పురుగు లోపలికి రాకుండా, ఒక్కో ఈనె ఒక్కో ఆకు. చేతులు మూడు రోజులు కరివేపాకు వాసన. మంచు పడుతుందన్న రాత్రి పాత దుప్పట్లు, చీరలు పట్టుకుని అందరం టార్చి లైట్లతో తోటలోకి. బెండ మొక్కల మీద నా పాత పోచంపల్లి చీర కప్పి ఉంటే పొద్దున పక్కింటాయన వచ్చి చాలా బాగుంది మీ తోట అన్నాడు.

ఇంక ఆపలేమని తెలిసిన రోజు మొత్తం కోసేసేవాళ్ళం. పచ్చి టమాటాలు బకెట్లకి బకెట్లు. పచ్చి టమాటా పచ్చడి, నువ్వులు వేయించి వేసి, వారం రోజులు అదే. గోంగూర కడిగి ఆరబెట్టి నిల్వ పచ్చడి. బాబు తూకం వేసి కిలోల్లోనూ పౌండ్లల్లోనూ రాసేవాడు, అది లెక్కల పాఠం. వంటింట్లో పోపు ఘాటుకి స్మోక్ అలారం మోగేది, అది అగ్నిప్రమాదాల పాఠం. అక్టోబర్‌లో ఫైర్ ప్రివెన్షన్ వారం వస్తుంది, 1871లో షికాగో తగలబడిన రోజుల గుర్తుగా. అప్పుడు మా ఊరి వాలంటీర్ ఫైర్ కంపెనీ వాళ్ళు తలుపులు తీసి పెట్టేవాళ్ళు, పిల్లలు ఫైరింజన్ ఎక్కి హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు, పొగలో ఎలా పాకుతూ బయటికి రావాలో నేర్పేవాళ్ళు. ఇంటికొచ్చి మా హాల్లో ప్రాక్టీసు, నన్నూ పాకమనేవాళ్ళు.

మా అమ్మ వచ్చిన ఏడు మాత్రం వేరు. విజిటర్ వీసా మీద వచ్చి చలి ముదరకముందే పోవాలని టికెట్ బుక్ చేసుకుని ఉంది. పొద్దున పూట పళ్ళెంలో బియ్యం పోసి పాప వేలు పట్టుకుని అ ఆలు దిద్దించేది. నాతో ఏం అనకుండా అన్నీ చూస్తుండేది, పిల్లలు ఎప్పుడు లేస్తున్నారు, నేను ఏం చెప్తున్నా, మధ్యాహ్నం ఎంత సేపు చదువుతున్నారు. బతుకమ్మ మొదలయ్యే పెత్తర అమావాస్య దగ్గరపడ్డది. "తంగేడు లేదు, గునుగు లేదు, గిదేం దేశమే" అని దిగులు పడింది. అప్పుడు మా రోడ్ల పక్కనంతా గోల్డెన్‌రాడ్ పూసి ఉంది, పసుపుపచ్చగా, మన తంగేడు రంగే. పిల్లలు ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. గట్టు మీద ఆ పసుపు చూసి నిలబడిపోయింది. నర్సరీలో సెలోసియా అని అమ్మే మొక్క గునుగు జాతే, అందులో ఒక రకం అచ్చం గునుగు కంకిలాగే ఉంటుంది, అది నేను మేలోనే పెట్టి ఉంచా. ఊదారంగు ఆస్టర్ పూలు అడవి నిండా. బంతి మా తోటది. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి అమ్మ మొదలుపెట్టింది. ఒక వరస గోల్డెన్‌రాడ్, ఒక వరస సెలోసియా, కొసలు సమంగా కత్తిరించి. బాబు పక్కన టేపు పట్టుకుని వెడల్పు కొలిచి 3.14తో గుణించి ఈ వరసకి ఇన్ని బంతులు పడతాయి అమ్మమ్మా అనేవాడు, ఆమె చూపుతోనే చెప్పేది ఎన్ని పడతాయో, ఇద్దరి లెక్కా ఒకటి రెండు పూల తేడాలో ఉండేది. పైన పసుపు గౌరమ్మ. మా కో-ఆప్ ఆడవాళ్ళందరూ వచ్చి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టారు, మెన్నోనైట్ ఆవిడ నూలు గౌనులో, మా అమ్మ గద్వాల చీరలో. సాయంత్రం వెనకున్న క్రీక్‌లో వదిలాం.

ఆ రాత్రి అమ్మ గిన్నెలు సర్దుతూ మెల్లగా అంది, "మీ నాయిన ఉంటే నీ బడి సూసి మస్తు సంబురపడేటోడు." ఇంక ఎప్పుడూ ఆమె పిల్లలని బడికి పంపమనలేదు. ఊళ్ళో అందరికీ తనే చెప్పుకుంది, మా బిడ్డ ఇంట్లనే బడి నడుపుతదని.

తర్వాత ఏళ్ళు గబగబా పోయాయి. బాబు పన్నెండో తరగతి వయసులో కమ్యూనిటీ కాలేజీలో క్లాసులు తీసుకున్నాడు, ఒక లేబర్ డే తర్వాతి మంగళవారం వాడు తనే కారు నడుపుకుంటూ వెళ్ళాడు, పాప, నేను ఇద్దరమే పార్కుకి వెళ్ళాం, ఊయల మీద అది, బెంచీ మీద నేను, ఇద్దరికీ పెద్దగా మాటలు లేవు. ఇప్పుడు అది కూడా పిట్స్‌బర్గ్‌లో, ఎకాలజీ చదువుతోంది. టీచరమ్మ సంగతి ఫోన్ చేసి చెప్తే కాసేపు ఏడ్చి, "అమ్మా, ఆ చీమ పేజీ స్కాన్ చేసి పంపు" అంది. పంపా.

ఈ మధ్య గుడిలో ఒక అమ్మాయి పరిచయమైంది, గుంటూరు అమ్మాయి, ఏడేళ్ళ కొడుకు. ఈ ఏడు ఇంట్లో చదివిద్దామనుకుంటున్నా అక్కా, భయమేస్తోంది, పుస్తకాలు ఏవి కొనాలి అని అడిగింది. అఫిడవిట్ కాపీ ఒకటి జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకో, ఫైర్ సేఫ్టీ లైను మర్చిపోకు, పుస్తకాలు లైబ్రరీలోనే దొరుకుతాయి అని చెప్పా. మిగతాది మాటల్లో చెప్పడం నాకు రాదు. చవితి దగ్గరకొచ్చింది, శనివారం పొద్దున బాబుని తీసుకుని వచ్చెయ్ అన్నా, పాత బూట్లు, పొడుగు ప్యాంటు వేయించమన్నా, గట్టు మీద మిల్క్‌వీడ్ ఎక్కడుందో నాకు తెలుసు.